తెనాలి కట్ట ఏదబ్బాయ్?

మీ దగ్గర మీ అభిమాన తారల ఫోటోలు ఎన్ని ఉన్నాయి? వంద? రెండు వందలు? పోనీ, ఫోన్లో దాచుకున్నవి కూడా కలుపుకోండి. ఇప్పుడు అందులోంచి ఏదో ఒకటి తీసి, అది ఏ చిత్రంలోది, ఏ సంవత్సరానిది, ఎవరు తీశారు, మీ చేతికి ఎక్కణ్ణుంచి వచ్చింది... ఈ నాలుగూ చెప్పండి చూద్దాం! మొదటిదానికి టక్కున జవాబు చెప్తారు. రెండోదానికి కాస్త తడుముకుంటారు. మూడోదీ, నాలుగోదీ వచ్చేసరికి నోరు పెగలదు. సిగ్గుపడకండి. పదేళ్ళుగా సినిమా పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతుకుతున్న నా పరిస్థితీ అదేనని మొన్న వేసవిలో తెలిసొచ్చింది.

విజయవాడ గాంధీనగరం అంటే సినిమా కంపెనీల పేట అని మీకు తెలుసు. డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల బోర్డులతో ఆ వీధులు ఒకప్పుడు కళకళలాడేవి. ఆ వీధుల వెనక ఒక పాత డాబా ఇంట్లో, ఆరు ట్రంకు పెట్టెల మధ్య, చొక్కా విప్పి బనీనుతో కూర్చుని నేను నెల రోజులు గడిపాను. ఫ్యాను ఉంది గానీ వేసే వీల్లేదు. వేస్తే యాభై ఏళ్ళ నాటి కరపత్రాలు గాలిపటాల్లా లేచిపోతాయి మరి!

ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు ఫిలిం రిప్రజెంటేటివ్. ఈనాటి కుర్రకారుకి ఆ ఉద్యోగం సంగతి అంతగా తెలియకపోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి ఫిలిం పెట్టెతో పాటు ఊరు వెళ్ళి, హాలు పక్కనే మకాం వేసి, ఆట ఆటకీ ఎన్ని టిక్కెట్లు తెగాయో చూసుకుని, రాత్రి రెండో ఆట మొదలయ్యాక లెక్క కట్టి, డి.సి.ఆర్. మీద మేనేజరు చేత సంతకం పెట్టించుకునే మనిషి ఆయన. డి.సి.ఆర్. అంటే డైలీ కలెక్షన్ రిపోర్టు. నేల ఎంత, బెంచి ఎంత, కుర్చీ ఎంత, బాల్కనీ ఎంత, అందులో ప్రభుత్వానికి పోయే ట్యాక్సు ఎంత అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉంటాయి. మనం హాల్లో ఈలలు వేస్తున్న సమయంలో ఆయన బయట గదిలో కూర్చుని కూడికలు వేసేవాడన్నమాట.

పేరు రాయొద్దన్నాడు. "పేరెందుకోయ్? కాగితాలున్నాయని రాయి, చాలు" అన్నాడు. అందుకని ఆయన్ని నేను పిలిచినట్టే బాబాయిగారు అంటాను.

బాబాయిగారు వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ ఏదో ఒక కాగితం తెచ్చి దాచారు. పాటల పుస్తకాలు, కరపత్రాలు, వర్కింగ్ స్టిల్స్, మడతపెట్టిన వాల్ పోస్టర్లు, డి.సి.ఆర్. నకళ్ళు, ఆఫీసు ఉత్తరాలు, టెలిగ్రాములు, తెగిన టిక్కెట్ల అడుగులు, లాడ్జి బిల్లులు, ఒకచోట కాఫీ హోటలు అప్పు పద్దు కూడా! ఆయనకిప్పుడు చూపు మసకబారింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, అక్షరం తెలియదు. ఇల్లు అపార్ట్‌మెంటు వాళ్ళకి ఇచ్చేశారు. శ్రావణ మాసం లోపల ఖాళీ చెయ్యాలి. తండ్రిని తన దగ్గరికి తీసుకెళ్ళడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు, మా అక్కయ్యగారు, నాతో అన్న మాట ఇది: "రెండు గదుల ఫ్లాట్ తమ్ముడూ మాది. ఆరు పెట్టెలు ఎక్కడ పెట్టను? ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తెలిసేలా ఒక లిస్టు రాసిపెట్టు." అప్పటికే పాత పేపర్ల కొట్టతను ఒకసారి వచ్చి పెట్టెల్ని చూపుతోనే తూచి వెళ్ళాడట.

లిస్టే కదా, వారం రోజుల పని అనుకున్నాను.

నేను చేసిన ఘనకార్యం

మొదటి రెండు రోజులు నేను చేసిన పని మీలో నూటికి తొంభై మంది చేసేదే. పెట్టెల్లో కాగితాలన్నీ కట్టలు కట్టలుగా జనపనార పురికొసతో కట్టి ఉన్నాయి. అన్ని పురికొసలూ విప్పేశాను. కాగితాలన్నీ హాల్లో పరిచి హీరోల వారీగా కుప్పలు పోశాను. రామారావు గారి కుప్ప, నాగేశ్వరరావు గారి కుప్ప, కృష్ణ గారి కుప్ప, శోభన్‌బాబు గారి కుప్ప. డి.సి.ఆర్.లు ఒక మూలకి, లాడ్జి బిల్లులు చెత్తబుట్ట పక్కకి. పురికొసలు ఉండచుట్టి బయట పారేశాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ఫోటో తీసి మిత్రులకి కూడా పంపాను.

మూడో రోజు పొద్దున బాబాయిగారు గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి, కింద కూర్చుని, చేత్తో కాగితాలు తడిమారు. కాసేపు తడిమి, తల పైకెత్తి, "తెనాలి కట్ట ఏదబ్బాయ్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏ సినిమా బాబాయిగారూ?" అన్నాను.

"సినిమా కాదురా. తెనాలి కట్ట. నాలుగో పెట్టెలో పైనుంచి మూడోది. ముడి ఎడం పక్కన ఉంటుంది."

అప్పుడు తెలిసింది. ఒక్కో కట్ట ఒక్కో మకాం! ఒక ఊళ్ళో ఒక చిత్రానికి ఆయన ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళ కాగితాలు ఒక కట్ట. అందులో పాటల పుస్తకం మీద తేదీ ఉండదు. కరపత్రం మీద నెల, వారం ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు. స్టిల్ వెనక ఏమీ ఉండదు. కానీ వాటితో పాటే కట్టిన డి.సి.ఆర్. మీద తేదీ, ఊరు, హాలు పేరు, ఆట అన్నీ ఉంటాయి. ఆ ఒక్క కాగితం మిగతా పదింటికీ సాక్షి. నేను చెత్తబుట్ట పక్కకి నెట్టిన లాడ్జి బిల్లు కూడా సాక్షే. ఆ సాక్షులందర్నీ నేను విడదీసి తలోమూలకీ పంపేశాను. ఇప్పుడు ఏ కాగితాన్ని పలకరించినా "నాకేం తెలీదు" అంటోంది.

బాబాయిగారు కోప్పడలేదు. "పెళ్ళికొచ్చిన చుట్టాల్ని ఇంటిపేర్లు అడక్కుండా ఎత్తు ప్రకారం నిలబెట్టావు" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి. కంటిచూపున్న రోజుల్లో అయితే ఆయనే కాగితం చూసి చెప్పగలిగేవారు. చూపు పోయాక ఆయనకి మిగిలింది ఆ వరుస ఒక్కటే. ఎన్నో పెట్టె, ఎన్నో కట్ట, ముడి ఎటువైపు! దాన్నే నేను చెరిపేశాను.

పురుగు చేసిన సాయం

మర్నాడు అక్కయ్యగారు ఒక స్టిల్ ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తూ, "ఈ చిల్లు ఇందాక వేరే దాంట్లో కూడా చూశాను" అన్నారు. ఎంత మాటో చూడండి! కాగితం పురుగు కట్టని తొలిచేటప్పుడు ఇది స్టిల్లా, ఇది కరపత్రమా అని చూసుకోదు గదా. పైనుంచి కిందికి నిలువుగా తొలుచుకుంటూ పోతుంది. పక్కపక్క కాగితాల్లో చిల్లు ఒకేచోట, ఒకే ఆకారంలో ఉంటుంది. పైన పెద్దదిగా, లోపలికి పోయేకొద్దీ చిన్నదిగా. అంటే చిల్లు బట్టి ఏవి కలిసి ఉన్నాయో, ఏది పైన ఏది కింద కూడా తేల్చొచ్చు!

ఇక అక్కణ్ణుంచి ఇద్దరం డిటెక్టివులమైపోయాం. చిల్లు లేనిచోట గుండుసూది తుప్పు మరక. మరక లేనిచోట పురికొస అంచుని నొక్కిన గంటు. గంటూ లేకపోతే తడి చారిక. ఆ నెలలో మూడు వారాలు ఈ కట్టలు తిరిగి కట్టడానికే సరిపోయాయి. చాలా కట్టలు కుదిరాయి. అన్నీ కాదు.

పుస్తకాలైతే కథ, నవల, చరిత్ర అని విడగొట్టి బీరువాలో పెట్టొచ్చు. ఒకరు జీవితమంతా పోగుచేసిన కాగితాల విషయంలో మాత్రం ఆర్కైవుల వాళ్ళు మొదట పాటించే నియమం, అవి వచ్చిన వరుసని కదిలించకపోవడం. అది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే చదివి ఉంటే ఈ వ్యాసం ఇంత పెద్దదయ్యేది కాదు!

కార్డులో ఏం రాయాలి?

నేను బి.ఏ. చదివిన కాలేజీ లైబ్రరీలో చెక్క సొరుగుల నిండా కార్డులుండేవి. వాటి వైపు అప్పట్లో కన్నెత్తి చూస్తే ఒట్టు. ఇప్పుడు ఆ కార్డుల సంగతి చదువుతుంటే మన మద్రాసు కథ ఒకటి బయటపడింది. 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ అసలు లెక్కల మాస్టారు. లైబ్రరీ పని నేర్చుకోవడానికి లండన్ వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో మెకానో సెట్టు చూశారట. అదే నాలుగు ముక్కలతో కారు చెయ్యొచ్చు, క్రేను చెయ్యొచ్చు. ఒక పుస్తకం దేని గురించి అన్న విషయాన్ని కూడా అలా విడి ముక్కల్ని బిగించి చెప్పొచ్చు కదా అనుకుని, 1933లో కోలన్ వర్గీకరణ అచ్చేశారు. ఎవరు, ఏ పదార్థం, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు అన్న అయిదు ప్రశ్నల మీద నిలబడ్డ పద్ధతి అది. సినిమా వాళ్ళకి కొత్తేమీ కాదు. సీను పేపరు మీద అసిస్టెంటు డైరెక్టరు రాసుకునేదీ ఇంచుమించు ఇదే!

కంప్యూటర్ల కాలంలో దీనికే మెటాడేటా అని పేరు పెట్టారు. అంటే వస్తువు గురించిన వివరం అని. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డబ్లిన్ అనే ఊళ్ళో (ఐర్లండు డబ్లిన్ కాదు సుమండీ) కొందరు కూర్చుని ప్రపంచంలో ఏ కాగితానికైనా, ఏ బొమ్మకైనా సరిపడే పట్టీ ఒకటి తయారుచెయ్యడం మొదలుపెట్టారు. పేరు, కర్త, విషయం, తేదీ, భాష, హక్కులు... అలా చివరికి 15 గళ్ళయ్యాయి. దానికి డబ్లిన్ కోర్ అని పేరు. నేనూ ఆ 15 గళ్ళతోనే మొదలెట్టాను. నాలుగో కార్డుకే చిక్కొచ్చింది.

చిక్కు ఎక్కడంటే, పేరు దగ్గరే. 'భక్త ప్రహ్లాద' అని రాశాననుకోండి. ఏ 'భక్త ప్రహ్లాద'? 1932లోది ఉంది, 1942లోది ఉంది, రోజారమణి బాలనటిగా మెరిసిన 1967 నాటి రంగుల చిత్రం ఉంది. పోనీ దర్శకుడి పేరు కూడా రాస్తే తేలిపోతుందా? 1942 చిత్రానికీ, 1967 చిత్రానికీ దర్శకుడు ఒక్కరే, చిత్రపు నారాయణమూర్తి! 'లవకుశ' 1934లో ఒకటి, 1963లో ఒకటి. 'దేవదాసు' 1953లో నాగేశ్వరరావు గారు, 1974లో కృష్ణ గారు, 2006లో రామ్. కాబట్టి పేరు పక్కన సంవత్సరం లేకుండా కార్డు రాయకూడదని మొదటి రూలు పెట్టుకున్నాను.

మరి స్టిల్స్? ఘటోత్కచుడి వేషంలో ఎస్.వి. రంగారావు గారి స్టిల్ చేతికొస్తే మీరేమంటారు? 'మాయాబజార్' (1957) అంటారు. బాగానే ఉంది. తెలుగుదా, తమిళందా? రెండు భాషల్లోనూ తీశారు, రెండింట్లోనూ ఘటోత్కచుడు ఆయనే. పక్కన అభిమన్యుడు కనబడితే బతికిపోయాం. నాగేశ్వరరావు గారైతే తెలుగు, జెమినీ గణేశన్ అయితే తమిళం. ఒంటరిగా గద పట్టుకుని నవ్వుతుంటే భాష అన్న గడి ఖాళీగా వదిలెయ్యాల్సిందే.

ఇక మనుషుల పేర్లు! "వరలక్ష్మి" అని అచ్చు వేసి ఊరుకుంటారు. ఎస్. వరలక్ష్మా, జి. వరలక్ష్మా? "సముద్రాల" అంటారు. తండ్రి రాఘవాచార్యా, కొడుకు రామానుజాచార్యా? సీనియర్, జూనియర్ అని వేసినచోట గొడవలేదు, వెయ్యనిచోట తల పట్టుకోవాలి. రామారావు గారి పేరు ఎన్.టి. అని, యన్.టి. అని, నందమూరి అని, తారక రామారావు అని తలో విధంగా ఉంటుంది. కంప్యూటరు దృష్టిలో వీళ్ళంతా వేరువేరు మనుషులు. అందుకని ఒక్కొక్కరికీ ఒక స్థిరమైన పేరు ఖాయం చేసుకుని, మిగతా రూపాలన్నీ దాని కిందికి చేర్చాలి.

అక్కడితో ఆగితే మరో ప్రమాదం ఉంది. కాగితం మీద ఏం అచ్చయిందో అది చెరిగిపోతుంది. 'దేవదాసు' (1953) పాటలు సముద్రాల సీనియర్ పేరుతో ఉన్నాయి. వాటిలో మల్లాది రామకృష్ణశాస్త్రి గారి చెయ్యి ఉందని సినిమా వాళ్ళు దశాబ్దాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. కార్డు రాసేవాడు న్యాయమూర్తి కాదు గదా! అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా ఒక గడిలో, మనం అనుకునేది ఇంకో గడిలో, ఎందుకలా అనుకుంటున్నామో మూడో గడిలో రాసుకోవాలి. లైబ్రరీ వాళ్ళు తమ ఊహని చదరపు బ్రాకెట్లలో పెట్టి, అనుమానముంటే ప్రశ్నార్థకం కూడా తగిలిస్తారు. [1957?] అని. ఎంత మర్యాదైన పద్ధతో!

అణా చెప్పిన సాక్ష్యం

తేదీ లేని కాగితానికి తేదీ కట్టడం ఈ పనంతట్లోకీ మజా అయినది. మీరు కూడా ఇంట్లో ప్రయత్నించొచ్చు.

పాటల పుస్తకం మీకు తెలుసు కదా. హాలు దగ్గర అమ్మేవాళ్ళు. నటీనటులు, సాంకేతిక నిపుణులు, పాటలు, సగం కథ. సరిగ్గా కథ రసకందాయంలో పడగానే మిగతాది వెండితెర మీద చూసుకోండి అని ఆపేస్తారు! దానిమీద సంవత్సరం ఉండదు గానీ వెల ఉంటుంది. మన దేశంలో దశాంశ నాణేలు 1-4-1957న వచ్చాయి. వెల అణాల్లో ఉంటే ఆ తేదీకి ముందుదో, ఆ దరిదాపుల్లోదో. "న.పై." అని ఉంటే నయా పైసలు, అంటే 1957 తర్వాతది. 1-6-1964 నుంచి 'నయా' అన్న మాట తీసేసి ఉత్త పైసలే అన్నారు. 'మాయాబజార్' విడుదల 27-3-1957, అంటే అణాల రాజ్యం ఇంకా అయిదు రోజులు మిగిలి ఉన్నప్పుడు!

వెల చిరిగిపోతే కంపెనీ చిరునామా చూడండి. "మద్రాసు-17" అని చిన్న నంబరే ఉంటే పాతది. ఆరంకెల పిన్ కోడు 15-8-1972న మొదలైంది. చెన్నై అని ఉంటే 1996 తర్వాతిది. పోస్టరైతే మూలన సంతకం వెతకండి. 'ఈశ్వర్' అని కనబడితే అది 1967కి ముందుది కాదు. ఆయన డిజైనరుగా పనిచేసిన తొలి చిత్రం బాపు గారి 'సాక్షి', ఆ ఏడు వచ్చింది.

కరపత్రం మీద తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే క్యాలెండరు తియ్యాలి. మార్చి 27, బుధవారం అని ఉందనుకోండి. ఆ రెండూ కలిసింది 1957లో, తర్వాత 1963లో, 1968లో, 1974లో. పాత చిత్రాలు మళ్ళీ మళ్ళీ ఆడతాయి కాబట్టి నాలుగూ సాధ్యమే. అప్పుడు హాలు పేరు, ప్రెస్సు పేరు, కాగితం రంగు పట్టి చూడాలి. లేదా, కట్ట చెదిరిపోకపోతే, పక్కన డి.సి.ఆర్. ఉంటుంది. ఎవడో తెలివైనవాడు పురికొస విప్పకుండా ఉంటే!

ఇంకో కాగితం సెన్సారు సర్టిఫికెట్టు. చిత్రం మొదట్లో తెర మీద కనబడగానే మీరు చప్పట్లు కొడతారే, అదే. దానిమీద చిత్రం పేరు, భాష, రీళ్ళు, నిడివి, జారీచేసిన తేదీ అన్నీ ఉంటాయి. పాతవాటిలో నిడివి అడుగుల్లో ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 16,200 అడుగులంటే సరిగ్గా మూడు గంటలు. మీరు టీవీలో చూసింది రెండున్నర గంటలే ఉంటే అరగంట సినిమా ఎక్కడో తప్పిపోయిందన్నమాట!

ఈ సర్టిఫికెట్టు వివరం ఎంత పని చేస్తుందో 'భక్త ప్రహ్లాద'నే అడగండి. మన తొలి టాకీ 15-9-1931న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. ఒకరు రాసింది చూసి ఇంకొకరు. నేనూ ఒక వ్యాసంలో నిశ్చింతగా అదే రాశాను. జర్నలిస్టు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలు తవ్వి తీస్తే, ఆ చిత్రం సెన్సారు అయిందే 22-1-1932న! బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైంది 6-2-1932న. హెచ్.ఎం. రెడ్డి గారి ఆ చిత్రం ప్రింటు ఇవాళ చూద్దామన్నా లేదు. తేదీ తేల్చింది కాగితాలే. 1964లో పూనాలో మొదలైన జాతీయ ఫిలిం ఆర్కైవు (2022లో దాన్ని ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు) ఫిలిం డబ్బాలతో పాటు పాటల పుస్తకాలూ, పోస్టర్లూ, స్టిల్సూ ఎందుకు దాస్తూ వచ్చిందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. 8-1-2003న పూనాలో మంటలు చెలరేగి ఆర్కైవు వారి నైట్రేట్ ఫిలిములు ఎన్నో బూడిదైపోయాయి. అలాంటి చిత్రాలకి కాగితమే మిగిలిన ఒంట్లో ప్రాణం.

ఏడు వారాలా, పదకొండు వారాలా?

రోజూ సాయంత్రం కాఫీ అయ్యాక ఒక్కో కట్ట తీసి బాబాయిగారికి చదివి వినిపించేవాణ్ణి. ఆయన చెప్పేది నేను రాసుకునేవాణ్ణి. "ఆ హాలు మేనేజరు మూడు రంగుల సిరా వాడేవాడు." "ఆ కరపత్రం గుర్రబ్బండిలో మైకు పెట్టి పంచారు." ఇవన్నీ ఏ గడిలో పెట్టాలి? డబ్లిన్ వాళ్ళు ఇవ్వలేదు. "బాబాయిగారు చెప్పింది" అని పదహారో గడి నేనే గీసుకున్నాను.

తెనాలి కట్ట దగ్గరికొచ్చాం. చిత్రం పేరు రాయను, అభిమానులు నా మీదకొస్తారు. అది తెనాలిలో పదకొండు వారాలు ఆడిందని బాబాయిగారు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పే కథ. నేను కూడగట్టిన డి.సి.ఆర్.లు ఏడు వారాలకే ఉన్నాయి. ఏడో వారం చివర నేల క్లాసు కూడా సగం ఖాళీ. చదివాను. చదవకుండా ఉండాల్సింది.

"పదకొండు" అన్నారాయన.

"కాగితంలో ఏడే ఉన్నాయి బాబాయిగారూ."

"కాగితం అబద్ధం చెప్పదు. నేను చెప్తానా?"

ఆ మాటతో లేచి లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి భోజనానికి కూడా మాట్లాడలేదు. అక్కయ్యగారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఏం రాయాలి నేను కార్డులో? పదకొండు అని రాస్తే కాగితానికి ద్రోహం, ఏడు అని రాస్తే మనిషికి. చివరికి రెండూ రాశాను. డి.సి.ఆర్. ప్రకారం 7 వారాలు, బాబాయిగారి మాట ప్రకారం 11 వారాలు.

నాలుగు రోజుల తర్వాత రాత్రి పదింటికి ఆయనే నన్ను లేపారు. "ఒరేయ్, షిఫ్టింగ్! ఏడు వారాలయ్యాక చిన్న హాలుకి మార్చాం. ఆ హాలు లెక్కలు వేరే పుస్తకంలో రాసేవాడిని. పొడుగు కాగితాలు, సన్నగా ఉంటాయి." ఆ పొడుగు కాగితాలు నాకు తెలుసు! కట్ట దొరక్క ఒక కవర్లో వేసి "వివరం లేదు" అని రాసి పక్కన పెట్టాను. తీసి చూస్తే, మూడు వారాల లెక్కలున్నాయి. అంచున పురికొస గంటు తెనాలి కట్ట గంటుకి సరిగ్గా సరిపోయింది. ఏడూ మూడూ పది. పదకొండో వారం దొరకలేదు. నా మూలంగా పోయిందా, అసలే లేదా అన్నది ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. కార్డులో 10 అని దిద్ది, ఆయన 11 అలాగే ఉంచాను.

మీలో ఇలాంటివి పోగుచేసేవాళ్ళుంటారు కాబట్టి అనుభవం మీద రెండు ముక్కలు. ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ను గంటు ముందువైపుకి తేలుతుంది. గుండుసూది, సెల్లో టేపు వద్దు. ఫోన్లో తీసిన బొమ్మకి ఫోన్ పెట్టిన నంబరు పేరే ఉంచేస్తే అది కూడా ముడి విప్పేసిన కట్టే. నా ఫోన్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చెప్పను.

ఆషాఢం ఆఖర్న వ్యాను వచ్చింది. ఆరు పెట్టెలు నాలుగయ్యాయి. చిమిడిపోయినవీ, రెండేసి మూడేసి ఉన్నవీ వదులుకున్నాం. వదిలినవాటికి కూడా కార్డులున్నాయి. తెనాలి కట్టని కొత్త నూలు తాడుతో నేనే కట్టాను. బాబాయిగారు తడిమి చూసి, ముడి విప్పి, ఎడం పక్కకి మార్చి కట్టారు.

"దాని కార్డు చదువు" అన్నారు.

చదివాను. ఊరు, హాలు, తేదీలు, పాటల పుస్తకం వెల రెండణాలు, లాడ్జి బిల్లు, పురుగు చిల్లు, 10, 11.

"మొదటి రోజు మ్యాట్నీకి వాన. కుండపోత. అయినా హాలు నిండింది. అది రాయలేదేం?" అన్నారు.

పదహారో గడిలో రాశాను.